ఏడు బస్తాల జీతం

రండమ్మా, ఇలా నా పక్కకి జరిగి కూర్చోండి. మీ ఇంట్లో ఇంటరు పూర్తయిన పిల్ల ఉంటే ఆమెనూ పిలవండి. ఇది మా అమ్మాయి చదువు సంగతి.

నేను చదివింది ఐదో తరగతి. లక్షలంటే నాకు ఊహకి అందవు. అందుకని ఏ లెక్కనైనా ధాన్యం బస్తాల్లోకి మార్చుకుంటాను. మా దివిసీమలో కౌలు మాట్లాడుకునేది బస్తాల్లోనే కదా, అదే అలవాటైపోయింది. మేము మూడెకరాలు కౌలుకు చేస్తాం. పొలం గలాయనకు కొలిచి, ఖర్చులు పోను ముప్పై బస్తాలు మిగిలితే ఆ ఏడు బాగున్నట్టే.

మా అమ్మాయి బళ్ళో మైకు పట్టుకుంటే దించేది కాదు. ఇంటరు అవగానే కమ్యూనికేషన్ డిగ్రీ చదువుతానని పట్టుబట్టింది. టీవీల్లో, పేపర్లలో పనిచేసే చదువట. బెజవాడలో ప్రైవేటు కాలేజీ చూసుకుంది. ఫీజు, హాస్టలు కలిపి మూడేళ్ళకి ఆరు లక్షలు. బస్తాల్లోకి మార్చుకుంటే మూడు వందల యాభై! ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

"బ్యాంకు ఇస్తుందిలేవే, ఎందుకట్టా హడలిపోతావ్?" అన్నారు మా ఆయన.

ఆయన ధైర్యం ఎక్కడిదో చెప్పాలి. నా గొలుసు పెట్టి తెచ్చిన పంట అప్పుని మేము ఏనాడూ పూర్తిగా తీర్చి ఎరగం. ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించుకోవటమే. ఓట్లు వస్తే ఎవరో ఒకరు మాఫీ చేస్తామంటారు. ఒకసారి మా అప్పులోనూ కొంత మాఫీ అయింది. అప్పంటే అంతే అనుకున్నాం ఇద్దరమూ.

ముగ్గురం బందరు వెళ్ళి బ్యాంకులో కూర్చున్నాం. ఆఫీసరు కుర్రవాడే, మర్యాదగా మాట్లాడాడు. అన్నీ విన్నాక మా ఆయన నెమ్మదిగా అడిగారు.

"సార్, ఈసారి మాఫీ వస్తే ఇది కూడా అందులో కలిసిపోద్దిగా?"

ఆ అబ్బాయి పెన్ను కింద పెట్టాడు. "బాబాయ్ గారూ, మాఫీ వరికండీ. చదువుకి కాదు."

వెనకాల నుంచున్న ఒకాయన ఊరుకోలేదు. "అమ్మాయిని కూడా చేలో నాటెయ్ బావా, అప్పుడు వర్తిస్తది!"

అందరూ నవ్వారు. మా అమ్మాయి తల ఎత్తలేదు.

"పోనీ తిరగరాయించుకోవటం ఉంటుందా బాబూ?" అన్నాను.

"ఉండదండీ. చదువైన ఏడాదికి మొదలుపెట్టి నెలకి సుమారు పదివేలు, ఏడేళ్ళ పాటు కట్టాలి."

"ఉద్యోగం రాకపోతేనో?"

"వడ్డీ ఆగదు కదమ్మా. సంతకం బాబాయ్ గారిది కూడా ఉంటుంది."

మా ఆయన చెయ్యి కాగితం దాకా వెళ్ళి ఆగింది. రేపు వస్తామని చెప్పి బయటపడ్డాం. కాలేజీ వాళ్ళు ఇచ్చిన గడువు మాత్రం ఆ వారంతో సరి.

గుడివాడలో మా అక్క కూతురు ఉంది. అదే కాలేజీలో అదే చదువు అప్పు చేసి చదివి, ఇప్పుడు ఆ ఊళ్ళోనే కేబుల్ చానల్లో చేస్తోంది. చూసిన మనిషినే అడుగుదామని అటునుంచి అటే గుడివాడ బస్సెక్కాం.

"వార్తలు చదివేది నేనే పిన్నీ, షాపుల చుట్టూ తిరిగి యాడ్లు అడుక్కొచ్చేదీ నేనే, కెమెరా స్టాండు మోసేదీ నేనే," అంటూ నవ్వింది.

"జీతమెంతే తల్లీ?"

"పన్నెండు వేలు. పదివేలు బ్యాంకు కిస్తీకి పోద్ది. నా తిండికీ గది అద్దెకీ అమ్మే పంపిస్తంది."

ఏడు బస్తాల జీతంలో ఆరు కిస్తీకే. మా అక్క ఈ సంగతి నాతో ఎన్నడూ అనలేదు.

"మానెయ్యాలనిపించలేదా అక్కా?" అని అడిగింది మా అమ్మాయి.

"కెమెరా ముందు కూర్చుంటే ఇంకేం గుర్తుండదే. కానీ ఒకటి విను. ఇక్కడ చేరినప్పుడు ఏ కాలేజీ అని ఎవరూ అడగలేదు. పేపరు చేతికిచ్చి చదవమన్నారు, అంతే."

తిరుగు బస్సులో ముగ్గురం ఎవరి కిటికీ వాళ్ళం చూసుకుంటూ కూర్చున్నాం. వద్దంటే పిల్ల మనసు విరుగుతుంది, సరేనంటే పిల్ల నడుమే విరుగుతుంది. చల్లపల్లిలో దిగాక మా అమ్మాయే అంది.

"చదువు మార్చనమ్మా. కాలేజీ మారుస్తా. బందరు గవర్నమెంటు కాలేజీలో జర్నలిజం ఒక సబ్జెక్టుగా ఉందంట. రోజూ బస్సులో వెళ్ళొస్తా."

"దానికెంతవుద్దే?" అన్నారు వాళ్ళ నాన్న.

"బస్సు పాసుతో కలిపి మూడేళ్ళకీ అమ్మ లెక్కన పది బస్తాలు దాటదు నాన్నా. మాఫీ అక్కర్లేదు."

ఆయన నవ్వబోయి, కండువాతో మొహం తుడుచుకున్నారు.

ఇప్పుడది మొదటి ఏడు చదువుతోంది. పొద్దున్నే బస్సు కదిలేదాకా నేను బస్టాపులోనే నుంచుంటాను. బెజవాడ కాలేజీకి పంపి ఉంటే పెద్ద చానల్లో పడేదేమో, నేనే దాని దారి కుదించానేమో అన్న దిగులు ఇంకా పోలేదు. సాయంత్రం అది వచ్చి, వంటింటి గడప మీద కూర్చుని ఆ రోజు వార్తలు పైకి చదువుతుంది. నేను పొయ్యి మంట తగ్గించి వింటాను.

ఇంతసేపూ విన్నారు, చల్లగా ఉండండమ్మా. మీ ఇంటి పిల్ల కోరిన చదువు చదవాలి. ఆమె మొదటి జీతం కిస్తీకి పోకుండా మీ గడప దాటి లోపలికి రావాలి. ఆ రోజు మీ ఇంట్లో అందరి నోరూ తీపి కావాలి.