పక్కింటాయన బ్యాండూ, తాతయ్య పట్టూ

బంగారాలూ, మీ తాతయ్య డ్యాన్స్ చేశారని ఫోన్‌లో చెబితే ఇద్దరూ నమ్మలేదుగా? వినండి మరి.

ఎనభైల చివర, మేం దేశం వదిలి ఈ క్వేకర్స్ హిల్ పేటకి వచ్చిన కొత్త. పక్కింటి ముసలాయన శాక్సోఫోన్ వాయించేవాడు. యుద్ధకాలంలో ఎనిమిదిమంది కుర్రాళ్ళు మొదలెట్టిన డ్యాన్స్ బ్యాండట వాళ్ళది. శనివారం వస్తే పేట హాల్లో కాలు పెట్టే చోటుండేది కాదట. తర్వాత గిటార్లొచ్చాయి, టీవీలొచ్చాయి, బ్యాండు అటకెక్కింది. ముప్ఫై ఏళ్ళకి మిగిలిన నలుగురూ మళ్ళీ కలిశారు. హాలు కమిటీ వాళ్ళకి ఒక్క మధ్యాహ్నం ఇచ్చింది. జనం లేచి ఆడితే నెలనెలా వాయించుకోవచ్చు, లేకపోతే అదే ఆఖరు.

ఆయన పిలిస్తే గారెలు చేసుకుని వెళ్ళాం. నలుగురూ ఊపేస్తున్నారు, కూర్చున్నచోటే నా పాదాలు ఆగడంలేదు. కానీ ఒక్కరూ లేవరే! అందరూ గోడవారన టీ తాగుతూ మోకాళ్ళు తడుముకుంటున్నారు. పాట పాటకీ ఆయన మొహం వాడిపోతోంది.

"ఏవండీ, లేవండి," అన్నాను.

"మనమా? డ్యాన్సాడామని మన చర్చిలో తెలిస్తే ఏమంటారు?"

"తెలిస్తే తెలిసింది. మనం ఊళ్ళో లేనన్నాళ్ళూ మన నిమ్మచెట్టుకి నీళ్ళు పోసిందెవరు, ఆయన కాదూ?"

లేచాం. మమ్మల్ని చూసి ఇంకో అయిదు జంటలు లేచి గుండ్రంగా నిలబడ్డాయి. అది జంటలు మారే డ్యాన్సని మాకేం తెలుసు! పది అడుగులు వేశామో లేదో, పక్క జంటలోని పెద్దాయన నాకు చెయ్యి చాచాడు. తాతయ్య నా చెయ్యి వదిలితేనా!

"చేంజ్ పార్ట్‌నర్స్, మేట్!"

"నో చేంజ్! షీ ఈజ్ మై వైఫ్!" నావైపు తిరిగి, "ఏమే, వీళ్ళకి సిగ్గూ ఎగ్గూ లేదా?"

గుండ్రం మొత్తం ఆగిపోయింది. వెనకవాళ్ళొచ్చి ముందువాళ్ళని గుద్దుకున్నారు. పక్కింటాయనకి నవ్వాగక శాక్సోఫోన్ బాతులా అరిచింది. గోడవారనున్నవాళ్ళంతా పడీపడీ నవ్వుతూ, మేం నేర్పిస్తామంటే మేం నేర్పిస్తామంటూ లేచొచ్చేశారు. ఎనభై ఏళ్ళ మామ్మొకావిడ తాతయ్య వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి లాక్కుపోయింది. కమిటీ పెద్ద ఆవిడేనట!

హాలంతా చుట్టి, చెమటలు కక్కుతూ తాతయ్య మళ్ళీ నా దగ్గరికొచ్చారు.

"ఎలా ఉందండీ?"

జవాబు నాకు కాదు, గారె నములుతున్న ఆ మామ్మకి చెప్పారు. "నెక్స్ట్ మంత్, విచ్ సాటర్‌డే?"