నేను ఎంచిన ఎర్ర టార్చి

టార్చిలైటు కొనడం చేతకాని వాళ్లను చూస్తే నాకు జాలి కాదు, చిరాకు. ఎంత దూరం పడుతుందని అడుగుతారే తప్ప, ఎంత తక్కువ వెలుగుతుందని ఒక్కడూ అడగడు. చుక్కలు చూసేవాడికి కావలసింది ఆ తక్కువే. చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట పడుతుంది. తెల్ల వెలుగు ఒక్కసారి తగిలితే ఆ అరగంటా బూడిదలో పోసిన పన్నీరే. మసక ఎరుపైతే కళ్లు చెదరవు, నక్షత్రాల పటం కూడా చదువుకోవచ్చు.

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక నాకీ పిచ్చి పట్టింది. ఇన్నాళ్లూ ఫోన్ లైటుతోనే పటం చూస్తూ, చూసిన ప్రతిసారీ మళ్లీ అరగంట కాచుకున్నాను. ఈమధ్యే గుడివాడలో ఒక షాపుకి వెళ్లి ఎర్ర టార్చి అడిగితే, షాపతను ఎర్ర ప్లాస్టిక్‌ది తీసి బల్ల మీద పెట్టాడు.

"వెలుగు ఎర్రగా ఉండాలయ్యా," అన్నాను.

"ఎర్ర వెలుగులో ఏం కనపడుద్దండీ? ఇది చూడండి, చెరువు అవతలి గట్టు దాకా కొడుద్ది," అని నా మొహం మీదే వేసి చూపించాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని వచ్చేశాను.

ఆన్‌లైన్‌లో తెప్పించినవి ఇంకా ఘోరం. ఒకదానిలో ఎరుపు రావాలంటే ముందు తెలుపు వెలగాలి. దాన్ని తయారు చేసినవాడు జన్మలో ఆకాశం వైపు తలెత్తి ఉండడు. రెండోది ఎరుపే, కానీ రైలుని ఆపేటంత ఎరుపు. మూడోదానికి వెలుగు తగ్గించే చక్రం ఉంది. బాత్రూములో లైటు ఆర్పుకుని, పంచాంగంలో సన్న అక్షరాలు కష్టం మీద కనపడే దాకా తగ్గించి చూశాను. టార్చి అంటే ఇదీ.

"ఏవండీ, లైటార్పుకుని లోపలేం చేస్తున్నారు?" అని బయటి నుంచి మా ఆవిడ.

"నీకర్థం కాదులే," అన్నాను. ఈ మాట ఆమెతో రోజుకు నాలుగుసార్లైనా అంటుంటాను.

దీపావళి వెళ్లిన రెండో రోజు మోపిదేవి దగ్గర మా ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్లాం. మన పాలపుంతకు అవతలున్న ఇంకో గెలాక్సీని బైనాక్యులర్స్‌లో చూపిస్తానని బతిమాలితే, డాబా ఎక్కడానికి ఒప్పుకుంది.

"ఒక్కసారి వస్తానండి. కనపడలేదంటే ఇంకెప్పుడూ నన్ను పిలవకండి," అంది.

ఐదేళ్లుగా ఒక్కడినే చూస్తున్నాను. ఆమె పక్కనుంటే బాగుండునని ఎన్నోసార్లు అనిపించింది, అడగడానికే నామోషీ.

ఆమెను అరగంట చీకట్లో కూర్చోబెట్టి, పటం విప్పి కొత్త టార్చి మొదటిసారి దాని మీద వేశాను. పటంలో చుక్కలన్నీ ఉన్నాయి, నేను పెట్టుకున్న గుర్తులు మాత్రం లేవు. ఏ చుక్క నుంచి ఎటు వెళ్లాలో గీసుకున్న బాణాలు ఒక్కటీ లేవు. వేరే పటం తెచ్చానేమోనని తిరగేశాను. అప్పుడు అర్థమైంది. పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి కదా, అన్నీ ఎర్ర ఇంకుతో గీశాను. ఎర్ర వెలుగులో తెల్ల కాగితమూ ఎర్ర గీతా ఒకేలా ఉంటాయని స్కూలు పిల్లలు కూడా చెబుతారు. షాపతన్ని ఈసడించిన నన్ను మించిన మొద్దు గుడివాడలో లేడు.

ఫోన్ లైటు వేస్తే గీతలు కనపడతాయి, కళ్లు పోతాయి. ఇంకో అరగంట కూర్చోమంటే ఆమె కూర్చోదు. బైనాక్యులర్స్ తిప్పి తిప్పి మెడ పట్టేసింది. ఐదేళ్లూ పటం చూసి వెళ్లినవాణ్ణే గానీ, దారి నాకు నోటికి రాదు.

"ఎక్కడుందండీ?"

ఏదో ఒక చుక్క చూపించి ఇదేననవచ్చు. ఆమెకు తెలియదు. నోటి దాకా వచ్చింది కూడా.

"నాకు తెలియటం లేదు," అన్నాను.

ఆమె చాప మీద కొంచెం ఇటు జరిగి కూర్చుంది.

"పెళ్లయినప్పటి నుంచి ఈ మాట మీ నోట వినలేదు. దీనికోసమైనా వచ్చే అమావాస్యకి వస్తాలెండి."