ఏడాది ఆగిన పాట

రామలింగేశ్వరరావు దేన్నయినా సహిస్తాడు కానీ చరిత్రలో తేదీ తప్పు చెబితే సహించలేడు. పటాన్‌చెరు దగ్గర పంపుల ఫ్యాక్టరీలో, కొలత తప్పిన భాగాలకు ఎర్ర రంగు పూసి పక్కన పెట్టడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం సాయంత్రానికి అయిపోయేది. ఎర్ర రంగు అయిపోయేది కాదు.

ఒకసారి ఆయన భార్య హైమావతి పక్కింటావిడతో, "మా పెళ్లప్పుడే ఉప్పెన వచ్చింది" అంటోంది.

"పెళ్లి మేలో. ఉప్పెన నవంబర్లో. రెండింటికీ సంబంధం లేదు," అని లోపల్నుంచి రావు గొంతు వినబడింది.

"ఉందో లేదో నాకు తెలుసులెండి," అంది హైమావతి.

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిందని ఫ్యాక్టరీలో పాటల నాటకం తలపెట్టారు. రాసిందీ, బాణీలు కట్టిందీ కొండాపూర్ నుంచి వచ్చే ఫిట్టర్ ఐలన్న. మైకులో కథ చెప్పే పని రావుకిచ్చారు. అది పొరపాటని మొదటి రిహార్సల్లోనే తేలిపోయింది.

చివరి సన్నివేశం ఐలన్నకు ప్రాణం. నలభై ఏడు ఆగస్టు అర్ధరాత్రి కొండాపూర్ జనమంతా జెండా ఎత్తి ఆడతారు.

"ఆగండి," అన్నాడు రావు. "ఆ రాత్రి ఇక్కడ నిజాం రాజ్యం. ఊరంతా వీధిలోకొచ్చి ఆడితే పోలీసులు ఊరుకుంటారా?"

"మరి మావోళ్లు ఎప్పుడు ఆడిన్రు సారు?"

"మరుసటి ఏడు సెప్టెంబర్లో."

"పాటంత ఆగస్టు మీదనే కట్టిన. ఇగ దాన్నేం జెయ్యాలె?"

"ఏడాది ఆపు."

ఐలన్న అలిగి ఇంటికెళ్లి తల్లి ఆగమ్మను అడిగాడు. "మనకు ఎనకనే వచ్చింది బిడ్డా," అందామె. పాట తిరగరాయక తప్పలేదు. రావు అంతటితో ఆగలేదు. ప్లాస్టిక్ బిందెలు తీయించాడు. ఎద్దు వేషం కట్టినవాళ్ల హవాయి చెప్పులూ విప్పించాడు.

"ఎద్దుకు సుత చరిత్ర ఉంటదా సారు?" అన్నాడు ఐలన్న.

"చెప్పులు వేసుకుంటే ఉండదు."

కొత్త సన్నివేశంలో ఫ్యాక్టరీలోనే పనిచేసే మల్లయ్య ఊళ్లోకి పరుగెత్తుకొచ్చి, "నిజాం లొంగిండు, మనం ఇండియాల కలిసినం" అనాలి. ఆ మాట మీద ఐలన్న డప్పు, డప్పు మీద పాట. నలుగురిలో నోరు పెగలని మనిషి మల్లయ్య. అయినా, "అత్తగారోళ్లు సూడనీకి వస్తున్నరన్నా, ఒక్క మాటన్న ఇప్పియ్యి" అని బతిమాలి ఆ వేషం పట్టాడు.

నాటకం రోజున మల్లయ్య పరుగెత్తుకొచ్చాడు. నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ముందు వరుసలో అత్తామామలు తల దించుకున్నారు. వెనక నుంచి ఎవరో, "ఇంకో ఏడాది ఆగాల్నా ఏంది?" అన్నారు. జనం ఘొల్లున నవ్వారు. తెర పక్కన ఐలన్న పైకెత్తిన డప్పు పుల్ల అలాగే ఉండిపోయింది.

అప్పుడు మైకులో రావు గొంతు, ఎప్పటిలాగే చప్పగా వినిపించింది.

"ఆ రోజు ఊళ్లోకి కబురు తెచ్చిన మనిషి సంతోషంతో మాట రాక ఇలాగే నిలబడిపోయాడని చరిత్ర చెబుతోంది. అతని ముఖం చూసే జనానికి అర్థమైపోయింది. నిజాం లొంగిపోయాడు."

నవ్వులు ఆగి చప్పట్లు లేచాయి. డప్పు మోగింది. అందరికంటే ముందు ఎగిరింది మల్లయ్యే.

తెర పడ్డాక ఐలన్న అడిగాడు. "సారు, గా ముచ్చట ఏ పుస్తకంల ఉన్నది?"

"ఏ పుస్తకంలోనూ లేదు," అన్నాడు రావు మైకు వైరు చుడుతూ. "ఎవరితోనూ అనకు."

మర్నాడు క్యాంటీన్లో మల్లయ్య చుట్టూ జనం. "నేను మర్చిపోలే. చరిత్రల గట్లనే ఉన్నది. ఆగస్టుల గా మనిషి వచ్చి..."

పక్క బల్ల దగ్గర రావు టీ గ్లాసు దించాడు. ఐలన్న చప్పున అటు తిరిగాడు.

"సెప్టెంబర్లో," అన్నాడు రావు. "మిగతాదంతా కరెక్టే."