తోడికోడళ్ల రాతికప్పు

పెరినా గురించి చెప్పాలంటే ముందు ఆవిడ మోకాళ్ల గురించి చెప్పాలి. మా పై ఊరు గోర్నే కూచె నుంచి రేవుకు రెండు వందల పద్నాలుగు మెట్లు. అవి నేను రోజూ ఎక్కి దిగుతాను, కాకపోతే జీతం తీసుకుని. పెరినా రెండేళ్లలో ఇరవై రెండుసార్లు ఆ మెట్లు దిగి, పడవెక్కి, అవతలి ఒడ్డున ఉన్న ఆఫీసుకు వెళ్లి, ఇంకో కాగితం తెమ్మనిపించుకుని, మళ్లీ ఎక్కి వచ్చింది. అరవై ఆరేళ్ల మనిషి. సగం మెట్ల దగ్గర అత్తిచెట్టు నీడలో కూలబడేది. నా సంచీ దించి పక్కన కూర్చునేదాన్ని. ఈ దీవిలో ఉత్తరాలు పంచేది నేనే, దింకాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని.

పెరినా పదిహేడో ఏట రేవులోని చేపల ఫ్యాక్టరీలో చేరింది. చేపల తలలు తుంచి, ఉప్పు జల్లి, డబ్బాల్లో వరసగా పేర్చడం పని. ఫ్యాక్టరీ మూతపడే దాకా అదే చేసింది. ఆ ఉప్పుకి వేళ్ల చివర్లు ఇప్పటికీ పగిలే ఉంటాయి. భర్త లోవ్రె ద్రాక్షతోట చూసుకునేవాడు, పోయి ఎనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే మొహాన కొట్టినట్టు మాట్లాడుతుంది. ఒకరిని చెయ్యి చాచి అడగడం మాత్రం ఆవిడకు చేతకాదు. కథంతా అక్కడే ఉంది.

ఆ ఇంటికి కప్పు ఒకటే, కాపురాలు రెండు. మామగారు యాకొవ్ బతికుండగానే కొడుకులిద్దర్నీ కప్పు మీదకి ఎక్కించి, నడినెత్తిన సున్నంతో గీత గీశాడు. పొద్దు పొడిచే వైపు పెద్దాడికి, పొద్దు కుంకే వైపు చిన్నాడికి. అంతే పంపకం. కాగితం లేదు, సంతకం లేదు. మా దీవిలో అన్ని ఇళ్లూ అలాగే పంచుకున్నారు, మా ఇంటితో సహా. పెద్దాడి భార్య మాండా, చిన్నాడి భార్య పెరినా. ఇప్పుడు ఇద్దరూ ఒంటరి ఆడవాళ్లే, మధ్యలో ఒక గోడ.

మా పై ఊరికి కుళాయి నీళ్లు లేవు. కప్పు మీద పడ్డ వానే మా నీళ్లు. రాతిపలకల మీద పడి, కాలవలోంచి జారి, వాకిలి కింద తొట్టిలోకి చేరుతుంది. అందుకే ఏటా వసంతంలో పలకలకు సున్నం కొడతాం, నీళ్లు శుభ్రంగా ఉండాలని. తొట్టి ఇద్దరిదీ కాబట్టి రోజులు పంచుకున్నారు. సోమ, బుధ, శుక్రవారాలు పెరినావి. మంగళ, గురు, శనివారాలు మాండావి. ఆదివారం బకెట్ దించరు.

పంతొమ్మిదేళ్ల కిందట, వాన చుక్క లేని ఒక ఆగస్టులో, లోవ్రె మాండా రోజున నాలుగు బకెట్లు తోడి ద్రాక్షతోటకు మందు కలిపాడు. మాండా వాకిట్లో నిలబడి దొంగ అంది. పెరినా తిరిగి ఒక మాటంది, అది నేను రాయను. అప్పట్నించి మాటల్లేవు. కానీ చూడండి, ఆ పంతొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా ఒకరి రోజున ఇంకొకరు బకెట్ దించలేదు. వసంతం వస్తే ఇద్దరూ చెరో వైపునుంచి నిచ్చెన ఎక్కి, సున్నం కొట్టుకుంటూ పైకి వచ్చి, నడినెత్తి గీత దగ్గర ఎదురెదురుగా కూర్చునేవారు. మధ్యలో మూరెడు దూరం. ఒకరి సున్నం ఇంకొకరి సున్నానికి కలిపి, మాట లేకుండా దిగిపోయేవారు. కింద నిలబడి చూసే నాకు నవ్వాలో తిట్టాలో తెలిసేది కాదు.

మూడేళ్ల కిందట పెరినా వైపు పలకలు జారడం మొదలైంది. నీళ్లలో గోధుమరంగు మట్టి దిగింది. రాతికప్పు వేయడం తెలిసినవాడు దీవిలో మిగిలింది మిహోవిల్ ఒక్కడే. పైకెక్కి, దూలాన్ని గోటితో గీకి, లోపల తొలుస్తున్న చెదపురుగును చూపించాడు.

"మొత్తం దించాలి పెరినక్కా. అతుకులేసే కాలం అయిపోయింది."

"అయితే దించు. రేపు రా."

"కాగితం లేకుండా నిచ్చెన వెయ్యను. పోయినసారి వేసినందుకు ఏడాది పాటు కోర్టు బెంచీ మీద కూర్చోబెట్టారు. నా నడుం ఇంకా అక్కడే ఉంది."

మాది పాత ఊరు, రాతికప్పుల మీద గవర్నమెంటు కన్నుంది. ఒక్క పలక కదపాలన్నా అనుమతి కావాలి. ఈలోగా సంక్షేమ శాఖ నుంచి ఒక పిల్ల వచ్చి, అవతలి ఒడ్డున వృద్ధుల ఆశ్రమంలో మంచం ఖాళీ ఉందని, తాగే నీళ్లు లేని ఇంట్లో ఎక్కువ కాలం ఉంచడం కుదరదని చెప్పి పోయింది. పెరినాకు అర్థమైంది. కప్పు రాకపోతే నీళ్లు లేవు, నీళ్లు లేకపోతే ఇల్లు లేదు.

అలా తిరగడం మొదలైంది. ఆఫీసు కిటికీ అవతల బ్లాజెంకా అనే గుమాస్తా ఉండేది, పెరినా ఆమె గొంతు అచ్చం అనుకరించేది.

"మీ సగం అంటే ఏ సగమమ్మా?"

"పొద్దు కుంకే వైపుది."

"కాగితంలో పొద్దులుండవు. ఒకటే ఇల్లుంది, యాకొవ్ పేరు మీద."

"ఆయన పోయి నలభై ఏళ్లయింది."

"మా దగ్గర పోలేదు."

ఆయన్ని కాగితం మీద కూడా చంపడానికి తొమ్మిది నెలలు పట్టింది. కోర్టు వారసత్వం తేల్చింది, కోడళ్లకు చెరి సగం, కానీ విడదీయని సగం. తర్వాత ఇంటి నక్ష. తర్వాత పలకల ఫొటోలు. ఆ తర్వాత పాత ఇళ్లు చూసే శాఖ నుంచి, వేసేది కూడా ఇదే రాయి అయి ఉండాలని ఒక ఉత్తరం. ఒకసారి పడవ గాలికి ఆగిపోతే రేవులో బెంచీ మీద పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండు అత్తిపళ్లు నములుతూ కూర్చుంది. ఇంకోసారి సున్నం తెచ్చే సంచీలో కాగితాలు పెట్టిందని బ్లాజెంకా ముట్టుకోలేదు. కాళ్లరిగేలా తిరిగి, చివరికి అన్నీ అయ్యాయనుకున్నాక ఒక్కటి మిగిలింది. రెండో వాటాదారు సమ్మతి.

"మాండా సంతకం," అంది పెరినా అత్తిచెట్టు కింద, మోకాలు పట్టుకుని.

"గోడవతలే కదా ఉంది. తలుపు కొట్టు."

"నువ్వు కొట్టమ్మా, నీకు సరదాగా ఉంటే. నేను బురద నీళ్లు తాగుతాను గానీ దాని గుమ్మం ముందు కాగితం పట్టుకుని నిలబడను. నన్ను దొంగంది."

"నీ మొగుణ్నంది."

"నన్నంటే ఓర్చుకుందును."

ఇప్పుడు నా సంగతి చెప్పాలి, చెప్పబుద్ధి కావడం లేదు. పెరినాకు ఆఫీసు నుంచి వచ్చే పొడుగు కవర్లు నేనే ఇచ్చేదాన్ని, రసీదు మీద సంతకం తీసుకుని. అదే రోజుల్లో, అదే ఆఫీసు ముద్రతో, అదే పొడుగు కవర్ మాండాకూ వచ్చేది. రసీదు మీద విషయం రాసి ఉంటుంది. పైకప్పు మార్పు, అనుమతి దరఖాస్తు. మాండా గుండె జబ్బు మనిషి, పడవెక్కదు, అన్నీ పోస్టులోనే పంపేది. ఆ కవర్లు నా చేతికే ఇచ్చేది. ఆఫీసులో మనిషి తెచ్చిన దరఖాస్తులు ఒక గదిలో, పోస్టులో వచ్చినవి ఇంకో గదిలో. ఒకే కప్పు కోసం రెండు ఫైళ్లు, పక్కపక్క గదుల్లో, ఒకదాని సంతకం కోసం ఇంకొకటి ఎదురుచూస్తూ కూర్చున్నాయి. దీవి మొత్తం మీద ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఎందుకు చెప్పలేదంటే, ఉద్యోగంలో చేరిన రోజు పోస్టుమాస్టరు ముందు ప్రమాణం చేశాను. ఎవరి ఉత్తరం సంగతి ఇంకొకరి చెవిన వేయనని. చిన్న ఊళ్లో ఆ ప్రమాణం లేకపోతే నా బతుకు లేదు. అది నిజం. కానీ పూర్తి నిజం కాదు. ఇద్దరి మొండితనం చూసి నాకు ఒళ్లు మండేది. రెండు వందల పద్నాలుగు మెట్లు ఎక్కి ఒక గోడకు రెండు వైపులా ఒకే కవర్ ఇవ్వడం, ఇద్దరూ మొహం తిప్పుకోవడం. మీ చావు మీరు చావండి, నాకెందుకు అనుకున్న రోజులున్నాయి. ప్రమాణం వెనక దాక్కోవడం తేలిక.

రెండో చలికాలం, ఫిబ్రవరిలో, దక్షిణపు గాలి నాలుగు రోజులు వదలకుండా కొట్టింది. అయిదో రోజు పొద్దున నేను పెరినా వాకిట్లో రసీదు పుస్తకం తీస్తుండగా గోడవతల పెద్ద చప్పుడైంది. దూలం మాండా వైపు విరిగింది. పలకలు వంటింట్లోకి దిగాయి.

పెరినా కేక కూడా వేయలేదు. పంతొమ్మిదేళ్లుగా ముట్టని తలుపు తోసుకుని వెళ్లింది, వెనకాల నేను. మాండా పొయ్యి పక్కన నేల మీద పడి ఉంది. కుడి మణికట్టు తిరగబడి ఉంది. చుట్టూ రాయీ సున్నమూ, మధ్యలో ఉడుకుతున్న ఆకుకూర గిన్నె. నేను రేవుకు ఫోను చేశాను, వైద్యుల పడవ కోసం. వాళ్లు ఆరోగ్యం కార్డు నంబరు అడిగారు.

"బల్ల సొరుగులో," అంది మాండా కళ్లు మూసుకుని.

పెరినా సొరుగు లాగింది. కార్డు పైనే ఉంది. దాని కింద పొడుగు కవర్లు, తొమ్మిదో పదో, దారం కట్టి. పెరినా కార్డు నాకిచ్చింది గానీ చూపు కవర్ల మీదే ఉంది. పైది తీసి చదివింది. ఆవిడకు కళ్లజోడు లేదు, అందుకని చెయ్యి దూరంగా చాపి చదివింది. నేను పడవవాళ్లకు నంబరు చెబుతూనే ఉన్నాను. ఫోను పెట్టేశాక పెరినా నావైపు తిరిగింది.

"దింకా, ఇవి నువ్వే తెచ్చావు కదా."

"తెచ్చాను."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"లోపలేముందో నీకు తెలుసా?"

అబద్ధం ఆడొచ్చు. నోరు రాలేదు. "రసీదు మీద రాసుంటుంది," అన్నాను. "చెప్పకూడదని ప్రమాణం చేశాను పెరినక్కా."

"ఎన్నిసార్లు ఆ చెట్టు కింద నా పక్కన కూర్చున్నావే."

నేల మీంచి మాండా కళ్లు తెరిచింది. "దాన్ని తర్వాత చూద్దువు గానీ, ముందు నా చెయ్యి కింద ఏదైనా పెట్టవే," అంది. పంతొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట అది. పెరినా తన ఏప్రన్ విప్పి మడతపెట్టి చెయ్యి కింద పెట్టింది. తర్వాత పొయ్యి మీంచి గిన్నె దించింది. పడవ వచ్చే దాకా పెరినా ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తర్వాత జరిగింది వేగంగా జరగాల్సింది, జరగలేదు. మాండా కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమ చేత్తో సంతకం పెట్టింది. పాత సంతకంతో కలవలేదని ఆఫీసు తిప్పి పంపింది. అప్పుడు పెరినా తోడికోడల్ని మెట్లన్నీ మోయించి, రేవులో చక్రాల కుర్చీలో పడవ ఎక్కించి, ఆఫీసు కిటికీ ముందు ఆపింది. అది ఇరవై మూడోసారి.

"ఈమె మాండా. ఇది ఈమె ఎడమ చెయ్యి. నీ ఎదురుగా పెడుతుంది, కళ్లు పెట్టుకుని చూడు," అందట బ్లాజెంకాతో.

పదకొండు వారాలకు అనుమతి వచ్చింది. ఒకే కవర్ మీద రెండు పేర్లు. పట్టుకుని మెట్లెక్కుతుంటే, ఇవాళ ఏదో ఒక మాట అంటారు, తిట్టినా చాలు అనుకున్నాను. ఇద్దరూ పెరినా వంటింట్లోనే ఉన్నారు. పెరినా సంతకం పెట్టింది, పెన్ను మాండాకిచ్చింది, మాండా ఎడమ చేత్తో పెట్టింది. పెన్ను నా పుస్తకం మీద పెట్టి, పెరినా పొయ్యి వైపు తిరిగింది. పొయ్యి మీద కాఫీ పొంగుతోంది. రెండు కప్పులున్నాయి.

"పెరినక్కా, నేను తప్పు చేశాను," అన్నాను.

"తప్పేముంది, ప్రమాణం చేశావు కదా," అంది, వెనక్కి తిరక్కుండానే. అంత మర్యాదగా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

మిహోవిల్ మే నుంచి జూలై దాకా పని చేశాడు. మంచి పలకలు ఏరి పెట్టి, మిగతావి పాత గని నుంచి గాడిద మీద మోయించాడు. సంక్షేమ శాఖ పిల్ల వచ్చి, నీళ్లు చూసి, ఫైలు మూసేసి వెళ్లింది. కప్పు పూర్తయిన రోజు వాకిట్లో భోజనాలు పెట్టారు. ఇల్లు కప్పిన రోజు పనివాళ్లకీ ఊరివాళ్లకీ పెట్టడం మా ఆచారం. పై ఊళ్లో వాళ్లిద్దరూ కాక పద్నాలుగు మందిమి. పదమూడు మందిని పిలిచారు. నేను మా కిటికీ మూసుకుని కూర్చుని, ఏడ్చాను. కాల్చిన చేపల వాసన మూసిన కిటికీలోంచి కూడా వచ్చింది.

సోమవారం పెన్షన్ కాగితాలు పట్టుకుని వెళ్లాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆ ఇంట్లో ఏ ఉత్తరమైనా చేతికే ఇచ్చాను. ఆ రోజు తలుపు పక్కన గోడకు కొత్తగా ఒక డబ్బా బిగించి ఉంది. మిహోవిల్ దూలం ముక్కతో చేసినట్టున్నాడు. దాని మీద రంగుతో పైన మాండా పేరు, కింద పెరినా పేరు. లోపల ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. నా అడుగుల చప్పుడు విని ఆపేశారు. కవర్లు డబ్బాలో వేసి కాసేపు నిలబడ్డాను. నేను మెట్లు దిగడం మొదలుపెట్టాక, వాళ్లు మళ్లీ మాట్లాడుకోవడం వినిపించింది.