హఫర్ రేంజిలో గట్టి ప్రైమర్లు

జనవరి రెండో వారం, ఉదయం ఆరుంబావుకి హఫర్ అల్ బాతిన్‌లో బస్సు దిగాను. చలి మూడు డిగ్రీలు. సౌదీ అంటే ఎండే కదా అని స్వెటర్‌ని పెట్టె అడుగున పెట్టుకున్న తెలివి నాది. ఇరవై రెండేళ్లు ఆర్మీలో ఆయుధాలు మరమ్మతు చేసి, హవల్దారుగా రిటైరై, మంచు కొండల్లో రెండు చలికాలాలు గడిపిన మనిషిని, ఎడారి బస్టాండులో పళ్లు పటపటలాడిస్తూ నిలబడ్డాను.

ఆరు నలభైకి కంపెనీ పికప్ వచ్చింది. నేను పనికి కుదిరిన ఫైరింగ్ రేంజి ఊరికి ముప్పై రెండు కిలోమీటర్లు. చుట్టూ కంకర నేల. మూడు వైపులా మట్టికట్ట, పది ఫైరింగ్ లైన్లు, ఒక టవరు, ఒక వర్క్‌షాపు, ఒక స్టోరు, నాలుగు పోర్టా క్యాబిన్లు. పెద్ద పెద్ద కంపెనీల గేట్ల దగ్గర కాపలా ఉండేవాళ్లకి అక్కడ పిస్టల్ శిక్షణ ఇస్తారు. రేంజి నడిపేది రిటైరైన ఒక సౌదీ కెప్టెన్. ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఆ కాగితాల మీద నా చేత సంతకాలు పెట్టిస్తూనే ఉర్దూలో విషయం తేల్చేశాడు.

"ఆర్మరర్లు ఇద్దరు. మే నెలలో అతిథుల ముందు వార్షిక షూట్. ఆ తర్వాత ఒకడు ఉంటాడు. ఒకడికి ఎగ్జిట్, ఇంటికే."

"రెండోవాడు ఎవరు సాబ్?"

"నేవీ. నీకంటే ఎనిమిది రోజులు ముందు వచ్చాడు."

ఆ ఎనిమిది రోజుల మీద నాకు అక్కడే, ఆ కుర్చీలోనే మంట మొదలైంది. ఇంకా మనిషి ముఖం కూడా చూడలేదు.

నేవీ ఆయనది కాకినాడ వైపు. సన్నటి మనిషి, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. చేతులు మాత్రం గడియారాలు బాగుచేసేవాడి చేతులు. మొదటిరోజే టీ ఇచ్చి తన కథ చెప్పేశాడు. భార్య దమ్మామ్‌లో ఆసుపత్రి నర్సు, ఆరేళ్లుగా.

"పెళ్లయి పద్నాలుగేళ్లండీ హవల్దార్ గారూ. నేను షిప్పులో, ఆవిడ ఆసుపత్రుల్లో. ఇద్దరం ఒకే దేశంలో ఉండటం ఇదే మొదలు. ఈ ఉద్యోగం పోతే మళ్లీ మొదటికే అండి."

"మంచిదే గదా," అన్నాను. నాకు మంచిగా ఏమీ అనిపించలేదు. ప్రతి గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి ఆయన వ్యాన్ ఎక్కేవాడు. శనివారం సాయంత్రం తిరిగొచ్చేవాడు, ఇస్త్రీ చొక్కాతో, స్టీలు గిన్నెలో చేపల పులుసుతో. నాకూ పెట్టేవాడు. నేను రెండోసారి అడిగి మరీ తినేవాణ్ణి, తింటూ లోలోపల ఏడ్చుకునేవాణ్ణి. జగిత్యాలలో ఉన్న నా భార్యతో నా ఫోను సంభాషణ నాలుగు నిమిషాలు దాటేది కాదు. "తిన్నవా?" "తిన్న." "ఎండలున్నయా?" "ఉన్నయి." "ఉంట మరి." అంతే.

మా పని చెబుతాను. శిక్షణలో కాల్చిన ఖాళీ తొడుగుల్ని ఏరి, కడిగి, మళ్లీ తూటాలుగా కట్టడం. తూటా అడుగున బొట్టుబిళ్ల అంత లోహపు మూత ఉంటుంది. పిస్టల్ పిన్ను దాన్ని కొడితే నిప్పు పుడుతుంది. దాన్నే ప్రైమర్ అంటారు. యాభై తూటాలకి ఒక పెట్టె. పెట్టెకి రబ్బరు బ్యాండుతో ఒక కార్డు, కార్డు మీద కట్టినవాడి సంతకం. ఎన్ని పేలలేదో ఆ కార్డు మీదే రాస్తారు. పిస్టల్ క్లిక్‌మని పేలకపోతే గొట్టం ముందుకే ఉంచి ముప్పై లెక్కపెట్టాలి. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది. ఆ తర్వాత తూటాని తీసి ఎర్ర డబ్బాలో వెయ్యాలి.

మార్చి మొదటి వారంలో కొత్త ప్రైమర్లు వచ్చాయి. పాతవాటికంటే మూత గట్టిది. మా పిస్టళ్లలోనేమో ట్రిగర్ తేలిగ్గా ఉండాలని కెప్టెన్ స్ప్రింగులు మెత్తవి వేయించాడు. దెబ్బ మెత్తన, మూత గట్టిది. ఒక్క వారంలో ఎర్ర డబ్బా సగం నిండింది. స్ప్రింగులు మార్చుదామంటే కెప్టెన్ ఒప్పుకోడు. "మీరిద్దరూ ఆర్మరర్లా, మంగలివాళ్లా? తూటా పేలేలా చూడండి," అన్నాడు.

స్టోర్‌కీపర్ పెషావర్ వైపు పఠాన్, ముసలాయన. ఒకరోజు స్టోరు వెనక అర సర్దుతుంటే నేను సాయం చేశాను. అక్కడ దుమ్ము కింద పాత మెత్త ప్రైమర్ల డబ్బాలు ఐదు కనిపించాయి.

"భాయ్, ఇవి రిజిస్టర్‌లో లేవు. పట్టుకుపోతే పట్టుకుపో," అన్నాడు ఆయన ఉర్దూలో.

పట్టుకుపోయాను. నా ట్రంకు పెట్టెలో, స్వెటర్ కింద పెట్టాను. నేవీ ఆయనకి చెప్పాలన్న ఆలోచన వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే పంపించేశాను.

మూడు వారాలు నాకు పండగ. నా పెట్టెల కార్డుల మీద సున్నాలు. ఆయన కార్డుల మీద వందకి ఏడు, ఎనిమిది. టవరు మీది రేడియోలో రోజంతా ఒకటే పాట.

"లైన్ ఫైవ్, మిస్‌ఫైర్."

"ఎవరి కార్డు?"

"నేవీ."

వర్క్‌షాపులో నా చెవులు ఆ మాట కోసమే పనిచేసేవి. కానీ చూడండి, ఈర్ష్య ఉన్నవాడికి గెలుపులో కూడా సుఖం ఉండదు. సున్నాలు తెచ్చిన నా దగ్గరికి కెప్టెన్ రావడం మానేశాడు. నా దగ్గర చూడాల్సిందేముంది? రోజూ గహ్వా, అదే అరబ్బు కాఫీ, ఫ్లాస్కులో పట్టుకొని నేవీ ఆయన బల్ల దగ్గరే కూర్చునేవాడు. పేలని తూటాల్ని ఇద్దరూ భూతద్దంలో చూసేవాళ్లు. నవ్వుకునేవాళ్లు. ఓడిపోతున్నవాడికి ఖర్జూరాలు పెట్టి గహ్వా పోస్తారా ఎవరైనా?

నేవీ ఆయన ఒకటి కనిపెట్టాడు. పేలని తూటాల్ని రెండోసారి కొడితే చాలావరకు పేలుతున్నాయి. అంటే ప్రైమర్ పూర్తిగా అడుగుకి దిగలేదు. మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోతోంది, పేల్చడానికి మిగలట్లేదు. మెత్తవాటితో ఆ లోపం బయటపడేది కాదు. ఇవి గట్టివి కాబట్టి తూటాలు కట్టే ప్రెస్ యంత్రం లీవరు నొక్కితే అడుగుదాకా వెళ్లకుండానే ఆగిపోతున్నాయి. చేతికి ఆ తేడా తెలియదు.

ఆయన ప్రెస్ పక్కన పెట్టేశాడు. చేతిలో పట్టుకొని నొక్కే చిన్న పరికరం ఒకటి తీశాడు. ప్రతి తొడుగు గుంటలోని మసిని గీకి, ప్రైమర్‌ని అడుగు తగిలేదాకా నొక్కి, తర్వాత బొటనవేలితో తూటా అడుగుని ఒకసారి తడిమేవాడు. వెంట్రుకవాసి లోపలికి ఉంటే పెట్టెలోకి. సమంగా ఉన్నా పక్కకే. నేను గంటలో మూడొందలు కడితే ఆయన ఎనభై. ఏప్రిల్ నడిమికి ఆయన కార్డుల మీదా సున్నాలే.

"రండి హవల్దార్ గారూ, చూపిస్తానండి. చేతికి అలవాటైతే పెద్ద కష్టమేం కాదు," అన్నాడు.

"గదేం కొత్త పని? మాకు ఆర్మీల ఎప్పుడో నేర్పిండ్రు," అన్నాను. నేర్పలేదు.

షూట్‌కి మూడు రోజుల ముందు నా మెత్త ప్రైమర్లు అయిపోయాయి. ఒక్కొక్కరం ఆరు పెట్టెలు ఇవ్వాలి. గట్టివాటితో, ప్రెస్ మీద, నా పాత వేగంతో ఆరు పెట్టెలు కట్టాను. కట్టిన వాటిలోంచి ఇరవై తీసి కాల్చి చూశాను. మూడు పేలలేదు. అప్పుడైనా వెళ్లి "భయ్యా, జర చూపించు" అనొచ్చు. వెళ్లలేదు. తీసినవాటి చోట మరో ఇరవై కట్టి పెట్టి, పెట్టెలు షెల్ఫులో ఆయన పెట్టెల పక్కనే పేర్చాను.

అది గురువారం. రెండింటికి నేవీ ఆయన వ్యానెక్కాడు. మూడుంబావుకి అసర్ నమాజు. కెప్టెన్, స్టోర్‌కీపర్, అందరూ వెళ్లారు. వర్క్‌షాపులో నేనూ, ఏసీ చప్పుడూ. బయట నలభై ఒక్క డిగ్రీలు. నేను పన్నెండు రబ్బరు బ్యాండ్లు తీశాను. ఆయన కార్డులు నా పెట్టెలకి, నా కార్డులు ఆయన పెట్టెలకి. నాలుగు నిమిషాల పని. మధ్యలో ఒక్కసారీ ఆగలేదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆదివారం ఎనిమిదిన్నరకి షూట్. ఈశాన్యం గాలి, దుమ్ము లేదు, ఎండ చురుక్కుమంటోంది. రెండు కంపెనీల అతిథులు షామియానా కింద కూర్చున్నారు. ఒకటి నుంచి ఐదు లైన్లకి నేవీ కార్డుల పెట్టెలు, ఆరు నుంచి పదికి నావి. లైన్ టూలో కెప్టెనే స్వయంగా నిలబడ్డాడు.

మూడో తూటా. క్లిక్.

కెప్టెన్ గొట్టం కదపకుండా నిలబడ్డాడు. టవరు రేడియోలో లెక్క మొదలైంది. "వాహిద్, ఇస్నేన్, సలాసా..." ముప్పై దాకా. అతిథులు గడియారాలు చూసుకున్నారు. లైన్ ఫోర్‌లో క్లిక్. మళ్లీ ముప్పై. మళ్లీ లైన్ టూ. మొత్తం పదకొండు. ఆరు నుంచి పదిలో ఒక్కటీ లేదు.

తొమ్మిది నలభైకి కెప్టెన్ ఎర్ర డబ్బా తెచ్చి మా ఇద్దరి ముందూ బల్ల మీద కుమ్మరించాడు. కార్డు చూపించాడు. నేవీ ఆయన కళ్లజోడు పెట్టుకోలేదు. ఒక తూటా తీసి అడుగుని బొటనవేలితో తడిమాడు. ఇంకొకటి. మూడోదాని దగ్గర ఆ వేలు ఆగింది. తలెత్తి నా వైపు చూశాడు.

"ఇవి నేను కట్టినవి కాదు సార్," అన్నాడు కెప్టెన్‌తో.

"సంతకం?"

"సంతకం నాదే. తూటాలు నావి కాదు సార్."

కెప్టెన్ నా వైపు తిరిగాడు. "హవల్దార్, నువ్వు పెద్దవాడివి. ఇరవై రెండేళ్ల సర్వీసు. నువ్వేమంటావ్?"

ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నా నాలుక మీదే ఉంది. దాని పక్కనే ఇంకో వాక్యం ఉంది, అందులో అబద్ధమూ లేదు.

"కార్డు మీద సంతకం ఆయనదే సాబ్," అన్నాను.

తొమ్మిది రోజుల్లో ఎగ్జిట్ కాగితం వచ్చింది. విమానం దమ్మామ్ నుంచి. దింపిరమ్మని కెప్టెన్ పికప్ తాళాలు నాకే ఇచ్చాడు. ఉదయం నాలుగు ముప్పావుకి బయల్దేరాం. దాదాపు ఐదున్నర గంటల దారి. రెండు మాటలే జరిగాయి. మొదటిది పెట్రోలు బంకు దగ్గర.

"పాత మెత్త ప్రైమర్లు ఎన్ని డబ్బాలు దొరికాయండీ మీకు?"

"ఐదు."

"ఊఁ," అన్నాడు.

రెండోది విమానాశ్రయం బోర్డు కనిపించినప్పుడు. సంచిలోంచి చేతి పరికరం తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. "ఇకమీద గట్టివే వస్తాయండి. దీంతో నొక్కండి. తొందరపడొద్దు."

ఆయన భార్య నైట్ డ్యూటీ దిగి, బట్టలైనా మార్చకుండా పులుసు కాచుకొని వచ్చింది. యూనిఫాం మీద నల్ల అబాయా, కళ్ల కింద నలుపు. నన్ను చూసి నవ్వింది. "అన్నయ్యగారూ, మీ గురించి ప్రతి వారం చెప్పేవారండీ. ఆర్మీ ఆయన చేతి వేగం చూడాలి, నాకెప్పటికొస్తుందో అనేవారు." నా చేతిలో స్టీలు గిన్నె పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. ఆయన ఆమెకి ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

నేను అక్కడ ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాను. ఆ పరికరంతోనే కట్టాను, ప్రతి తూటానీ బొటనవేలితో తడిమాను. గంటకి ఎనభై. కెప్టెన్ గహ్వా ఫ్లాస్కు నా బల్ల మీదికొచ్చింది. ఖర్జూరాలు కూడా. నాకు కావలసిందంతా దొరికింది. ఎగ్జిట్ రాసిచ్చి వచ్చేశాను.

జగిత్యాలలో దిగిన రోజు నా భార్య ఆటో దగ్గరికొచ్చి పెట్టె అందుకుంది. "తిన్నవా?" అంది. "తిన్న," అన్నాను. మా ఊళ్లో అందరూ సౌదీ సంగతులు అడుగుతారు. ఎండల గురించీ రేంజి గురించీ చెబుతాను. ఈ సంగతి మాత్రం మొదటిసారి ఇప్పుడే చెబుతున్నాను.

కళ్లు మూసుకుంటే కనిపించేది రేంజి కాదు, ఎర్ర డబ్బా కాదు. దమ్మామ్ విమానాశ్రయం, లోపలికి వెళ్లే గేటు. నేవీ ఆయన తన భార్య చెయ్యి పట్టుకొని నిలబడ్డాడు. ఆయన బొటనవేలు ఆమె పెళ్లి ఉంగరం మీద నెమ్మదిగా తిరుగుతోంది, సరిగ్గా దిగిందో లేదో చూస్తున్నట్టు. వెనక లైనులోవాళ్లు తొందరపెడుతున్నారు. ఆయన తొందరపడలేదు. నేను మూడు అడుగుల దూరంలో, ఆమె ఇచ్చిన గిన్నె పట్టుకొని నిలబడ్డాను. అంత చేసీ, అప్పుడు కూడా, నాకు ఆయన మీద ఈర్ష్యే కలిగింది.