విదేశీ మంత్రులకి మన పేర్లు పెట్టిన అప్పలరాజు చిన్నాన్న

నిన్న పొద్దున కలకత్తా సెక్టర్ ఫైవ్‌లో ఆఫీస్ బస్సు దిగుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. అప్పలరాజు చిన్నాన్న పోయాడట. నిద్రలోనే.

ఏ అప్పలరాజు అని అడిగాను. మా ఇంట్లో ఉన్నదే ఒక్క అప్పలరాజు. బుర్ర పనిచెయ్యలేదు, అంతే.

దహనం అయిపోయింది. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. అందుకే రాస్తున్నా.

మీలో చాలామందికి ఆయన తెలీదు. మా నాన్న తమ్ముడు. కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాడు, ఎలక్ట్రీషియన్. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. పాత పొలిటికల్ థ్రిల్లర్లు.

ఫిల్మ్ సొసైటీ వాళ్ళని బతిమాలి ఫ్రెంచ్, ఇటాలియన్ ప్రింట్లు తెచ్చేవాడు. ఆదివారం సాయంత్రం మా పేట క్లబ్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి వేసేవాడు.

కింద ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్. చూసేది పనుల కోసం అక్కడికి వలసొచ్చిన మా శ్రీకాకుళం జనం, సగం మందికి చదువు రాదు. అందుకని చిన్నాన్న తెర పక్కన మైకు పట్టుకుని కథంతా తెలుగులో చెప్పేవాడు.

ఆ పేర్లకి ఎవరికీ నోరు తిరగదని అందరికీ మన పేర్లు పెట్టేసేవాడు. హోం మంత్రి సన్యాసిరావు. పోలీసు జనరల్ గున్నయ్య. కేసు చూసే జడ్జి ఎర్రన్న.

నవ్వకండి. ఫైల్ మూసెయ్యమని ఎర్రన్నకి పైనుంచి ఫోన్ వస్తే హాల్లో ఆడవాళ్ళు సన్యాసిరావుని నిజంగానే తిట్టిపోసేవాళ్ళు.

ఒక్క ఆదివారం గురించి మాత్రం చెప్పాలి. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ వారమే మా వీధి మ్యాన్‌హోల్‌లో నూకరాజు చనిపోయాడు. కాలువలు శుభ్రం చేసే మనిషి. తాగి పడిపోయాడని కాంట్రాక్టర్ చెప్పాడు. ఎంక్వైరీలో అదే ఖాయమైతే నూకరాజు భార్య లక్ష్మికి ఏమీ రాదు, ముగ్గురు పిల్లలతో రోడ్డున పడుతుంది. చూసినవాళ్ళు ఉన్నారని అందరికీ తెలుసు. కాంట్రాక్టర్ పార్టీ ఆఫీసులో కూర్చునే మనిషి. ఎవరు నోరు విప్పుతారు?

ఆ ఆదివారం చిన్నాన్న కొత్త సినిమా తేలేదు. ఏడాది కింద వేసినదే మళ్ళీ వేశాడు. ఒక జర్నలిస్టు శవం నదిలో దొరుకుతుంది. తాగి మునిగిపోయాడంటుంది ప్రభుత్వం. కిందటిసారి ఆ జర్నలిస్టు పేరు రామయ్య. మాకందరికీ బాగా గుర్తుంది.

కాంట్రాక్టర్ ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెర మీద శవాన్ని ఒడ్డుకి లాగారు.

చిన్నాన్న మైకులో, "ఈయన పేరు నూకరాజు" అన్నాడు.

 ప్రొజెక్టర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన మామూలుగా కథ చెప్పుకుంటూ పోయాడు. నూకరాజు తాగాడని మంత్రి అన్నాడు. నూకరాజు తాగాడని డాక్టర్ రాశాడు. రేవులో చేపలమ్మే ఆవిడని జడ్జి పిలిచి, ఏం చూశావని అడిగాడు.

తెర మీద ఆవిడ నోరు తెరిచింది. చిన్నాన్న మాత్రం చెప్పడం ఆపేశాడు.

ఆ చీకట్లోంచి మా సూరమ్మత్త లేచింది. ఆ మ్యాన్‌హోల్ పక్కనే మరమరాలు అమ్ముకునే మనిషి.

"నాను సూసినాను. ఆడు తాగనేదు. దిగనంటే బలవంతంగా దించినారు. తాడు కూడా కట్టనేదు."

కాంట్రాక్టర్ విసురుగా లేచి వెనక్కి తిరిగాడు, ఎవరా అని. చిన్నాన్న వెళ్ళి హాల్లో లైట్లన్నీ వేసేశాడు. అప్పటికే సూరమ్మత్త పక్కన ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. తర్వాత ఒక వరస. తర్వాత అందరం.

అంతమందిని చూసి కాంట్రాక్టర్ బయటికి వెళ్ళిపోయాడు.

సూరమ్మత్త ఎంక్వైరీలోనూ అదే చెప్పింది. లక్ష్మికి పరిహారం వచ్చింది, స్కూల్లో ఆయా పని దొరికింది. క్లబ్ నడిపేది ఆ పార్టీవాళ్ళే, హాలు మాత్రం మాకు మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు. చిన్నాన్నకి అదే ప్రాణం. ఒక్కసారి కూడా బాధపడగా చూడలేదు నేను.

ఆ సినిమాలు ఇప్పుడు డీవీడీల్లో దొరుకుతున్నాయి. చూడండి. వాటిలో దెయ్యాలుండవు, ఫైట్లు పెద్దగా ఉండవు. సూట్లు వేసుకుని మర్యాదగా అబద్ధం చెప్పేవాళ్ళుంటారు. వణుకు పుడుతుంది. వాళ్ళ ముందు ఒక మామూలు మనిషి లేచి నేను చూశాను అంటే, అంతకన్నా ఎక్కువ వణుకు పుడుతుంది.

నిన్న సూరమ్మత్త వచ్చింది. మనవడి చెయ్యి పట్టుకుని, నడవలేక నడుస్తూ. పాడె పక్కన కూలబడింది. తర్వాత నాతో అంది:

"ఆ రోజు నాకు ఆడు ముందే ఏటీ సెప్పనేదమ్మా. నాను లేస్తానని ఆడికెలా తెల్సు?"

తెలియడం కాదు, అత్తా. ఆయనకి మనందరి మీదా అంత నమ్మకం.

వెళ్ళిరా చిన్నాన్నా. నీ ఆత్మ చల్లగా ఉండాలి.