నెట్టులో పడిన గువ్వలవాండ్లపల్లె

ప్రమీలమ్మ టీచరుకు మనుషులంటే భయం లేదు. మిషన్లంటే మాత్రం చచ్చేంత భయం. ఇంట్లో మిక్సీ కూడా మొగుడు వెంకటేశులు చేతే వేయించేది. ఆయన మదనపల్లె డిపోలో కండక్టరు. "పగలంతా బస్సులో జనం మధ్య నలిగి, ఇంటికొచ్చి అల్లం నలపాల్నా" అని గొణుగుతూనే స్విచ్చి నొక్కేవాడు.

కాపురం పుంగనూరులో. ఉద్యోగం చౌడేపల్లె రోడ్డు దిగి ఆటోలో పోవాల్సిన గువ్వలవాండ్లపల్లె ఎలిమెంటరీ స్కూల్లో. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు. ఊళ్లో అందరికీ ఆవులుండేవి, బోర్లలో నీళ్లున్న ఏడాది టమోటా పంట ఉండేది. పిల్లలు బుద్ధిగా బడికి వచ్చేవారు. వాళ్ల అమ్మానాన్నలే రారు.

ప్రతి ఏడూ తల్లిదండ్రుల సమావేశమని చాటింపు వేయించేది. వరండా కడిగించి, చాపలు పరిచి, ప్రమీలమ్మ కొత్త చీర కట్టుకుని నిలబడేది. ఒక ఏడాది ఎవరూ రాలేదు. మరుసటి ఏడాది ఒకాయన వచ్చాడు. ఆమె సంతోషంగా ఎదురెళ్లి కూర్చోమంది. ఆయన కూర్చోకుండా వరండా అంతా కలయజూసి, "మా దూడ ఈ పక్కకేమన్నా వచ్చిందామ్మా" అని అడిగి వెళ్లిపోయాడు.

2007 ఎండాకాలంలో టీచర్లకు కుప్పంలో కంప్యూటర్ ట్రైనింగ్ పెట్టారు. సెలవుల్లో పోవడానికి మండలంలో ఎవరూ ముందుకు రాలేదు. పేర్లు రాసుకున్న రోజు ప్రమీలమ్మ జ్వరంతో మీటింగుకు రాలేదు కాబట్టి ఆమె పేరే రాశారు.

కుప్పంలో నేర్పించింది హరీష్ అనే కుర్రాడు. మహా ఓపిక. మౌసు పైకి జరపమంటే ప్రమీలమ్మ దాన్ని బల్ల మీంచి గాల్లోకి ఎత్తింది. "ఇంకా పైకా?" అని కూడా అడిగింది. హరీష్ నవ్వకుండా ఆమె చెయ్యి కిందికి దించి, మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఆఖర్న అతను బ్లాగు అని ఒకటి చూపించాడు. "పిల్లలు రాసినవి ఇందులో పెడితే, వాళ్ల తల్లిదండ్రులు ఏ ఊళ్లో ఉన్నా చూడొచ్చు మేడమ్" అన్నాడు.

వెనక వరసలో అయ్యవార్లు నవ్వారు. "మా ఊరోళ్లు బడి గేటు కాడికే రారు. నెట్టులోకి యాడొస్తారప్పా" అన్నాడొకాయన.

ప్రమీలమ్మ నవ్వలేదు. గేటు దగ్గరికి రాని వాళ్లకు గేటే లేని చోటు నయం కదా అనుకుంది. ఆమె తరగతిలో అమరావతి అనే పిల్ల ఉంది. ఆ పిల్ల తల్లీ తండ్రీ ఈ కుప్పంలోనే గ్రానైటు ఫ్యాక్టరీలో పని చేస్తున్నారు. పిల్ల అవ్వ దగ్గర పెరుగుతోంది. తండ్రి దేవరాజు నెలకో రెండు నెలలకో ఒకసారి ఊరికొచ్చి పోతాడు. తాను పెట్టబోయే బ్లాగు అడ్రసు ముందుగా చేరాల్సింది అతనికేనని ఆమె నిశ్చయించుకుంది.

బడి తెరవగానే పనిలోకి దిగింది. 'మా ఇంట్లో వాళ్లు' అని తలా అర పేజీ రాయమంది. అక్షరాల తప్పులు దిద్దింది గాని సంగతుల జోలికి పోలేదు. ఆ కాగితాలు పట్టుకుని పుంగనూరు బస్టాండు దగ్గర లోకేష్ నడిపే నెట్ సెంటరుకు వెళ్లింది. తెలుగులో కొట్టడం లోకేష్‌కూ రాదు. అందుకని పిల్లల చేతిరాతను స్కాన్ చేసి, పక్కన పాస్‌పోర్టు ఫొటో అతికించి, 'మా బడి' పేరుతో పెట్టేశాడు. చివరి మీట నొక్కమని టీచరుకే వదిలాడు. ఆమె కళ్లు మూసుకుని నొక్కింది.

బ్లాగు అడ్రసు రాసిన చీటీలు పిల్లల చేత ఇళ్లకు పంపింది. పోలియో చుక్కల చీటీలనుకుని చాలామంది గూట్లో పెట్టేశారు. దేవరాజు ఒక్కడే, ఊరికి వచ్చినప్పుడు, దాన్ని జేబులో వేసుకుని కుప్పం పట్టుకుపోయాడు. ఫ్యాక్టరీ ఆఫీసు గుమాస్తాను బతిమాలి తెరిపించుకుని చదివాడు. ఆ రోజే పక్కింటి వాళ్ల సెల్లుకు ఫోన్ చేసి, తల్లిని పిలిపించి, పడీపడీ నవ్వాడు.

ఆ తల్లి హనుమక్క. ఆమె గొంతు ఊరి ఆ కొసన ఎత్తితే ఈ కొసన ఆవులు చెవులు రిక్కిస్తాయి. మర్నాడు పొద్దున్నే బడికి వచ్చింది. పిల్లల బంధువొకరు తనంతట తాను బడికి రావడం ప్రమీలమ్మ చూడటం అదే మొదలు.

"యాల టీచరమ్మా, నా మనవరాల్ని నెట్టులో యేసినావంట?"

"వేశానవ్వా. అమరావతి చాలా బాగా రాసింది."

"నెట్టంటే వల. సేపల్ని యేస్తారు, కుందేళ్లని యేస్తారు. ఆడబిడ్డని యేస్తారా యాడన్నా?"

ఇది ఆ వల కాదనీ, లోకంలో ఎవరైనా చూడగలిగే పలకలాంటిదనీ ప్రమీలమ్మ వివరించింది. దాంతో పని ఇంకా చెడింది.

"లోకమంతా సూస్తాదా? మరి బిడ్డకి దిష్టి తగల్దా తల్లీ? తగిలితే యాడని తీసేది?"

దిష్టి ఎక్కడ తగిలిందో అక్కడే తీద్దామని టీచరు మాటిచ్చింది. ఆ శనివారం బడి వదిలాక ఇద్దరూ ఆటోలో పుంగనూరు పోయారు. హనుమక్క కొంగు ముడిలో ఉప్పు, ఎండు మిరపకాయలు ఉన్నాయి.

లోకేష్ మర్యాదగా కుర్చీ వేసి, బ్లాగు తెరిచాడు. తెర మీద అమరావతి మొహం రాగానే హనుమక్క లేచి నిలబడింది. ముడి విప్పి, ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టి మానిటరు చుట్టూ తిప్పసాగింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కుప్పం దిష్టి, బెంగుళూరు దిష్టి" అని తనకు తెలిసిన ఊళ్లన్నీ చెప్పింది. చుట్టూ పరీక్ష రిజల్టుల కోసం వచ్చిన పిల్లకాయలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. తిప్పడం అయ్యాక తెర మీద తుపుక్కుమని, లోకేష్ వైపు తిరిగింది.

"అప్పా, నిప్పులు యాడుండాయి?"

"అవ్వా, ఈడ నిప్పు వద్దవ్వా. అంతా కరెంటు ఉండాది. రోడ్డు మీద వేసుకుందాం రా" అని లోకేష్ ఆమెను బతిమాలి బయటికి తీసుకుపోయాడు. పక్క టీ బంకు వాడి పొయ్యిలో వేసి వచ్చారు. మిరప ఘాటుకు టీ తాగేవాళ్లు దగ్గుతూ లేచిపోయారు. ఘాటు అంత వచ్చిందంటే దిష్టి లేదన్నట్టే అన్నాడు లోకేష్. ఉంటే ఘాటు రాదని హనుమక్కే ఒప్పుకుంది.

మనసు కుదుటపడి కూర్చున్నాక, "ఇంతకీ ఏం రాసిందో సదువప్పా" అంది.

లోకేష్ చదివాడు. "మా అవ్వ పేరు హనుమక్క. మా అవ్వ తెల్లవారి లేస్తూనే అరుస్తుంది. మొదట ఆవును అరుస్తుంది. తరువాత నన్ను అరుస్తుంది. తరువాత సూర్యుణ్ణి అరుస్తుంది. ఆవు భయపడి పాలు ఇస్తుంది. నేను భయపడి బడికి వస్తాను. అవ్వకు జ్వరం వస్తే మా ఇంట్లో శబ్దం ఉండదు. అప్పుడు నాకు బాగుండదు."

హనుమక్క తెర మీదికి వంగింది.

"సూర్యుణ్ణి యాడ అరిసినా? ఎండని అరిసినా" అంది. "అది దిద్దమ్మా టీచరమ్మా. దేవుడితో మనకెందుకు."

ఆ సంగతి ఊరంతా పాకే లోపలే రెండో గొడవ లేచింది. తిమ్మప్ప అనే ఆయన చౌడేపల్లె పాల కేంద్రానికి పాలు పోసేవాడు. ఆయన కొడుకు మూడో తరగతి. పాల కేంద్రం గుమాస్తా పెద్దన్న తన కూతురి రిజల్టు చూసుకోవడానికి నెట్ సెంటరుకు పోతే, లోకేష్ మురిపెంగా 'మా బడి' చూపించాడు. అందులో తిమ్మప్ప కొడుకు రాసింది ఇది: "మా నాయన మంచివాడు. పాలు తీసుకొని పోయే ముందు క్యానులో ఒక చెంబు నీళ్లు పోస్తాడు. ఎందుకు నాయనా అని అడిగితే, ఎండకు పాలకు దప్పిక అవుతుంది అని చెప్పినాడు."

పెద్దన్న పాల కేంద్రంలో నిలదీసిన మర్నాడు తిమ్మప్ప బడికొచ్చి వరండా మెట్టు మీద నిలబడ్డాడు. మనిషి కోపంగా లేడు, నీరసంగా ఉన్నాడు.

"మేడమ్, మావోడు రాసింది తీసేయండి."

"తప్పులేమైనా ఉన్నాయా తిమ్మప్పా?"

"తప్పులేమీ లేవు మేడమ్. అదే కదా కష్టం."

ప్రమీలమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుంది. మనిషి పరువు పోవడం నవ్వే సంగతి కాదని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రమే తీయించేస్తానంది. దాంతో పాటే ఒక షరతు పెట్టింది. ఇక మీదట ఏదైనా పెట్టే ముందు ఆ ఇంటివాళ్లు శనివారం బడికి రావాలి. బిడ్డ పైకి చదవాలి, పెద్దలు వినాలి, సరేనంటేనే నెట్టులోకి పోతుంది.

"వినకపోతే?"

"వినకపోతే వాడేం రాశాడో నీకెట్లా తెలుస్తుంది?"

ఆ ఒక్క మాట ఊరిని కదిలించింది. శనివారం వచ్చేసరికి వరండా నిండిపోయింది. పాలు పితికి కొందరు, టమోటా తోటలో పని ఆపి కొందరు, ఎవరి పిల్లల ఎదురుగా వాళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చాలామందికి చదువు రాదు. అందువల్ల పిల్లల నోళ్ల వైపే చూస్తూ, ఒక్క మాట జారకుండా విన్నారు. చదవలేక నట్లు కొట్టే పిల్లలు, తండ్రి మొహం చూసి భయపడి, తర్వాతి వారానికి గడగడా చదవడం నేర్చుకున్నారు. చాపలు చాలక ప్రమీలమ్మ ఇంటి నుంచి దుప్పట్లు తెచ్చింది.

అయితే కొన్నాళ్లకు ఇంకో చిక్కు వచ్చిపడింది. విన్న ప్రతిదాన్నీ పెద్దలు దిద్దడం మొదలుపెట్టారు. నాన్నలందరూ దేవుళ్లయ్యారు. అమ్మలందరూ సహనంలో భూదేవికి అక్కచెల్లెళ్లయ్యారు. గువ్వలవాండ్లపల్లెలో తిట్టు, తాగుడు, తగువు అనేవి లేకుండా పోయాయి. తిమ్మప్ప కొడుకు "మా నాయనకు నీళ్లంటేనే తెలియదు" అని రాశాడు. అచ్చంగా అట్లాగే నెట్టులో పెట్టాల్సి వచ్చింది, తండ్రి సరేనన్నాడు కాబట్టి. అమరావతి కూడా అవ్వ ఎదురుగా కూర్చుని రాసింది: "మా అవ్వ ఎవరినీ ఒక్క మాట అనదు. మెల్లగా మాట్లాడుతుంది. రోజంతా నిశ్శబ్దంగా ఒక మూల కూర్చొని ఉంటుంది."

హనుమక్క విని, "ఇప్పుడు బాగుండాది" అంది.

కుప్పంలో దేవరాజు అది చదివాడు. అమ్మ నిశ్శబ్దంగా ఉందంటే జ్వరమన్నా అయి ఉండాలి, ఇంకా పెద్దదేదన్నా అయి ఉండాలి. పక్కింటి సెల్లుకు చేశాడు. అది ఛార్జింగు లేక పడి ఉంది. మేస్త్రీకి చెప్పి, పెళ్లాన్ని వెంటబెట్టుకుని, దొరికిన బస్సెక్కాడు. పుంగనూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాడు. దారిపొడవునా పెళ్లాం కన్నీళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఆటో ఊరి మొదట్లోకి రాగానే ఒక కేక వినబడింది.

"నీ మొహం మండ, ఆడ మేయమంటే ఈడ మేస్తాండావే. కొమ్ములు పెరిగితే సాలా, బుద్ధి పెరగద్దా?"

దేవరాజు ఆటో ఆపించి, తల బయటికి పెట్టి ఇంకోసారి విన్నాడు. "ఉండాదిరా మాయమ్మ" అన్నాడు ఆటోవాడితో. ఏం ఉందో ఆటోవాడికి అర్థం కాలేదు.

హనుమక్క కొడుకునూ కోడల్నీ చూసి ఆవును వదిలేసింది. పని దినాన ఇద్దరూ ఎందుకొచ్చారని వాళ్ల మీద అరవడం మొదలుపెట్టింది. దేవరాజు చెప్పాడు. చెప్పేకొద్దీ ఆమె గొంతు తగ్గింది. కోడలు నవ్వూ ఏడుపూ కలిపి కళ్లు ఒత్తుకుంటోంది. బడి వదిలి వచ్చిన అమరావతి సంచి పారేసి అమ్మ మీదికి దూకింది. ఆ పూట హనుమక్క నాటుకోడి కోసింది. కోసేటప్పుడు కోడినీ తిట్టిందని అమరావతి తర్వాత రాసింది.

ఆ శనివారం వరండాలో అందరూ కూర్చున్నాక హనుమక్క లేచింది.

"టీచరమ్మా, నా సంగతి ఉండేది ఉన్నట్టు రాసుకోనీ. అరిసేదాన్ని అరిసేదనే రాయనీ. నేను మంచిదాన్నయితే నా కొడుకు ఫ్యాక్టరీ ఇడిసిపెట్టి పరిగెత్తుకొస్తాండాడు."

జనం నవ్వారు. ఆ తర్వాత మిగతావాళ్లు కూడా కొద్దికొద్దిగా పట్టు సడలించారు. ఒక తల్లి "తాగుడు సంగతి వద్దు గాని, మీ నాయన గురక సంగతి రాసుకోరా" అని సెలవిచ్చింది. తిమ్మప్ప మాత్రం ఆవు మీద రాయించేవాడు, మనుషుల మీద కాదు. ఆవులైతే ఎవరి గుట్టూ చెప్పవన్నాడు.

దేవరాజు ప్రతి వారం చదివి, కింద ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో నాలుగు ముక్కలు రాసేవాడు. లోకేష్ వాటిని కాగితం మీదికి దించి ఇస్తే ప్రమీలమ్మ వరండాలో చదివి వినిపించేది. "అమరావతీ, 'ళ' సరిగ్గా రాయి. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది" అని ఒకసారి ఉంది. తండ్రి అక్షరాలు చూస్తున్నాడని తెలిశాక ఆ పిల్ల 'ళ' ముత్యంలా తిరిగింది.

2009లో ప్రమీలమ్మకు మదనపల్లెకు బదిలీ అయింది. వెళ్లే ముందు శనివారం, ఈసారి పెద్దవాళ్లం చెబుతాం, పిల్లలు రాస్తారు అన్నాడు తిమ్మప్ప. తలా ఒక మాట చెప్పారు. హనుమక్క చెప్పినది అమరావతి ఇలా రాసింది: "మా టీచరమ్మకు కోపం రాదు. అదొక్కటే ఆమెకు ఉండే లోపం. ఇంకొక బడికి పోతే అక్కడి వాళ్లు మెత్తగా ఉండే మనిషని నెత్తినెక్కుతారు. జాగ్రత్తగా ఉండాలి." ప్రమీలమ్మ దాన్ని పుంగనూరు తీసుకుపోయి, లోకేష్ సాయం లేకుండా తానే స్కాన్ చేసి పెట్టింది. ఇంటికెళ్లే దాకా ఏడుస్తూనే ఉంది.

మదనపల్లె బడి పెద్దది. కంప్యూటర్లు కూడా ఉన్నాయి, గుడ్డ కప్పి, తాళం వేసి. ఇక్కడ శనివారాలు తల్లిదండ్రులను పిలుద్దామని ఆమె అంటే హెడ్మాస్టరు తల అడ్డంగా ఊపాడు. "టౌనోళ్లకి తీరికెక్కడమ్మా" అన్నాడు. ఆమె వాదించలేదు. తాళాలు అడిగి తీసుకుని, నాలుగో తరగతి పిల్లల చేత 'మా ఇంట్లో వాళ్లు' రాయించి, ఇంట్లో చూపించమంది.

మొదటి శనివారం ఒక్క మనిషే వచ్చింది. అదీ, కూతురు రాసిన దాని మీద పోట్లాటకు. ప్రమీలమ్మ ఆమెకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, పిల్లను చదవమంది.